లక్నవరంలో నాచారం వంటిల్లు

స్కాట్లాండ్ పడమటి సముద్రంలో సెయింట్ కిల్డా అనే దీవుల గుంపు ఉంది. అక్కడ ఇక బతకలేమని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుని, చివరి 36 మందీ 1930 ఆగస్టులో పడవెక్కేశారు. ఇప్పుడు జనం డబ్బు కట్టి మరీ అక్కడే టెంటు వేసుకుంటున్నారు. నాచారం హెచ్ఎంటీ నగర్‌లోని ఓ రిటైర్డ్ పెద్దమనిషి ఈ వింత యూట్యూబ్‌లో చూసి, "మనం గూడ దీవిల పందామే" అన్నాడు.

"గ్యాస్ స్టవ్వు కార్ల పడ్తదా?" అంది ఇల్లాలు.

అట్లాంటిక్ దాకా పోయే పని లేదు. ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలో లక్నవరం ఉంది. కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దంలో గుట్టల నడుమ కట్ట పోయిస్తే, మునగకుండా మిగిలిన గుట్టలే దీవులయ్యాయి. ఆయన చూసుకున్నది వరి మడుల సంగతి. వీకెండ్ సంగతి కాదు. ఉప్పల్ నుంచి 200 కిలోమీటర్ల పైచిలుకు. వాటిలో నారపల్లి దాకా ఉన్న ఆరే అసలు సాహసయాత్ర. అక్కడి ఫ్లైఓవర్ పని 2018లో మొదలై, ఏళ్ల తరబడి స్తంభాల దగ్గరే ఆగిపోయింది.

కారులో టెంటుకు దక్కిన చోటు తక్కువ. కుక్కరు, రవ్వ, కారప్పూస, ఆపైన ఆవకాయ. డబ్బా మూతికి రెండు ప్లాస్టిక్ కవర్లు, రబ్బరు బ్యాండు, పైన పాత పేపరు. వెనక సీట్లో తోడల్లుడు దాన్ని రెండు మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాడు. జనగామ దాటేసరికి నూనె ఆయన ప్యాంటు మీదికి దిగనే దిగింది.

స్కాట్లాండ్‌లో 2003 చట్టం పుణ్యమా అని, ఎవరినీ ఇబ్బంది పెట్టనంతవరకు, చాలా చోట్ల టెంటు వేసుకోవచ్చు. మనకు చుట్టూ అడవి. చూపించిన జాగాలోనే వేయాలి, మంట పెట్టొద్దు. స్టవ్వు డిక్కీలోనే విశ్రాంతి తీసుకుంది. భోజనం పక్కనున్న హోటల్లోనే, ఆవకాయ మాత్రం సొంతం. టెంటు మేకులు దిగ్గొట్టడానికి అల్లం దంచే ఇనుప రోకలి పనికొచ్చింది కాబట్టి, వంటసామాను తేవడం తప్పని ఎవరూ అనలేకపోయారు.

స్కాట్లాండ్ దీవుల్లో మిడ్జ్ అనే నలుసంత పురుగు దండుగా వచ్చి కుడుతుంది. ఇక్కడ దోమ, దానికి ఓడోమాస్ ఉంది. నిశ్శబ్దానికే మందు లేదు. ఫ్యాను చప్పుడు లేక పెద్దమనిషికి నిద్ర పట్టలేదు. చివరికి ఫోన్లో ఫ్యాను మోత పెట్టుకుని పడుకున్నాడు!

నిజానికి మనవాళ్లకు ఈ విద్య కొత్త కాదు. అదే రోడ్డు మీద ఇంకాస్త ముందుకెళ్తే మేడారం. రెండేళ్లకోసారి మాఘమాసంలో లక్షల జనం చెట్ల కింద గుడారాలేసి, మూడు రాళ్ల పొయ్యి మీద కోడి వండుకుని, జంపన్న వాగులో మునిగి, సమ్మక్క సారలమ్మలకు బెల్లం ముట్టజెప్పి వస్తారు. ఏకాంతం కావాలంటే మాత్రం జాతర రోజుల్లో లక్నవరం వైపు రాకండి. వానలు వెనకబట్టి చెరువు నిండుగా ఉండే అక్టోబరు, నవంబరుల్లో వెళ్లండి.