కంపెనీకి కోర్టు, మనకు ఖాళీ తెర

బోర్డు మీద 60 శాతం కన్నడం ఉండాలని 2024లో కర్ణాటక చట్టం చేస్తే, దొడ్డబళ్ళాపురంలో చీరల కొట్టు పెట్టుకున్న మన తెలుగాయన ఏం చేస్తాడు? పెయింటర్ని పిలుస్తాడు. కాస్త గొణుక్కుంటాడేమో, వాక్ స్వాతంత్ర్యం పోయిందని హైకోర్టు మెట్లు మాత్రం ఎక్కడు.

ఎక్కేవాళ్ళు వేరే ఉన్నారు. ఇక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో, బెంగళూరులోని కర్ణాటక హైకోర్టులో, ఖాతాలూ ట్వీట్లూ ఆపమన్న కేంద్రం ఆదేశాల మీద ట్విటర్ 2022లో కేసు వేసింది. ఆ నిలిపివేత ఆదేశాలేమో సీల్డ్ కవర్లో కోర్టుకు చేరాయి. 2023 జూన్ 30న జస్టిస్ కృష్ణ ఎస్. దీక్షిత్ కేసు కొట్టేసి, 50 లక్షల రూపాయలు కట్టమన్నారు. పేరు ఎక్స్‌గా మారాక, తొలగింపు ఆదేశాలు పంపడానికి కేంద్రం పెట్టిన ‘సహయోగ్’ పోర్టల్ మీద 2025 మార్చిలో మళ్ళీ కోర్టుకు వెళ్ళింది. సెప్టెంబరు 24న జస్టిస్ ఎం. నాగప్రసన్న, 19వ అధికరణం పౌరులకేనని చెప్పి అదీ కొట్టేశారు.

కంపెనీ ఓడిందని నాకేం దిగుల్లేదు. దాని స్వేచ్ఛాదీక్ష ఎంతటిదో బ్రెజిల్ చూసింది. 2024 ఆగస్టు చివర్లో అక్కడి సుప్రీంకోర్టు తలుపు మూస్తే, నలభై రోజులైనా ఓర్చుకోలేక జరిమానా కట్టి తెరిపించుకుంది. మన దగ్గర అదే ఏడాది ఫిబ్రవరిలో రైతుల ఆందోళన ఖాతాలను ఆపేస్తూనే, దీనితో మేం ఏకీభవించడం లేదని ప్రకటించింది. విందు కడుపారా తిని, ముహూర్తం బాగాలేదని పెదవి విరిచినట్టు!

ఇక మన సర్కారు వైభవం. 2025 జూన్‌లో శంకరపల్లి దగ్గర ఒకామె రైలు పట్టాల మీద కారు నడిపింది. దేశమంతా ఆ వీడియో చూసింది. రైల్వే శాఖ దాన్ని తీసేయమని ఎక్స్‌కు నోటీసిచ్చింది. కారు పట్టాల మీదికెలా వచ్చిందో చూసుకోవాల్సిన శాఖకు, వీడియో తెర మీదికెలా వచ్చిందన్నది పట్టుకుంది. ఊరూ పేరూ లేని ప్రతి అధికారీ ఇలా ఆదేశాలిస్తే ఎలా అని కంపెనీ లాయరు కోర్టులో అంటే, సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతాకు కోపమొచ్చింది. ఆ జులైలోనే ఆయన ‘సుప్రీంకోర్ట్ ఆఫ్ కర్ణాటక’ పేరుతో ఒక ఉత్తుత్తి ఖాతాను కోర్టుకు చూపించారు. లేని కోర్టు పేరుతో ఎక్స్‌లో ఖాతా తెరుచుకుంది! ఈ ఒక్క దెబ్బకు మాత్రం చప్పట్లు కొట్టక తప్పదు.

ఇంత వాదనలో పోస్టు రాసినవాడెక్కడ? ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద నిలిపివేతకు కమిటీ ఉంది, రాతలో కారణం ఉండాలి. అవి ఉన్నాయనే 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. సహయోగ్ అదే చట్టంలోని 79(3)(బి) సెక్షన్ అడ్డదారిన ఆ కమిటీ గడప తొక్కకుండానే పోతుంది. 2025 నవంబరు నుంచి జాయింట్ సెక్రటరీ, ఆ హోదా లేని చోట డైరెక్టర్, పోలీసుల్లో డీఐజీ స్థాయికి తగ్గనివాళ్ళే ఆదేశమివ్వాలని, కారణం రాయాలని రూల్ మార్చారు. సంతోషం. ఆ కారణం రాసిచ్చేది కంపెనీకి.

కంపెనీ చట్టానికి లోబడాల్సిందే, మన చీరల కొట్టాయన లోబడ్డట్టే. కాకపోతే ఆయన లోబడ్డ చట్టం గెజిట్‌లో ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. మీ పోస్టు మాయమైతే ఆదేశం కాపీ ఇమ్మని కంపెనీనీ, ప్రభుత్వాన్నీ రాతపూర్వకంగా అడగండి. ఇద్దరూ ఒకరినొకరు చూపించుకుంటారు. ఆ జవాబులు దాచిపెట్టుకుని, ఈసారి కోర్టుకు మీరే వెళ్ళండి. 19వ అధికరణం మీది.