రెండు వైపుల పుస్తకం

నన్ను ముందు నుంచి తెరిస్తే వానల లెక్క. తిరగేసి వెనక నుంచి తెరిస్తే కార్డుల లెక్క. ముందు వైపంతా పెన్ను, వెనక వైపు శాతాలకు పెన్సిల్. ఆ తేడా ఊరికే రాలేదు.

మూడు వందల పేజీల బైండు పుస్తకాన్ని నేను. 1999లో నాయన నన్ను అనంతపురం పాతూరులో కొని, సంచిలో వేసుకుని కళ్యాణదుర్గం బస్సెక్కాడు. నాయన అని ఆయన కూతురు పిలుస్తుంది. వినీ వినీ నాకూ అదే అలవాటైంది. అంతకు ముందు ఏడాదే దేశంలో కిసాన్ క్రెడిట్ కార్డులు మొదలయ్యాయి, నన్ను కొన్న ఏడు ఆయనకూ ఒకటి వచ్చింది. నా మొదటి పేజీలో పైన శ్రీ, దాని కింద శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు పేరు, దాని కింద అప్పు. ఆ బ్యాంకు 2006లో ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంకులో కలిసింది. 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. మూడు పేర్లూ నాయన చేతిరాతలోనే ఉన్నాయి. అప్పు మాత్రం ఏ పేరుతోనైనా ఒకేలా ఉంది.

చెనిక్కాయ మూటల మధ్య పెరిగినదాన్ని. ఇప్పటికీ నా కుట్టులో పొట్టు రాలుతుంది. మా సీమకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్యం వాన తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి పెద్దగా మిగలదు. అందుకే కురిసిన ప్రతి చినుకునూ నాయన రాసుకున్నాడు. తేదీ, మండలాఫీసులో చెప్పిన మిల్లీమీటర్లు, పక్కన తన మాట. "పదునైంది" అని రాస్తే ఆ రోజు గొర్రు కదిలినట్టు. "దుమ్మణిగింది" అని రాస్తే కదలనట్టు. 2002 పేజీల్లో ఆ రెండో మాటే ఎక్కువ.

వాతావరణ బీమా వచ్చాక ఒక ఏడు, ఊడలు దిగే వేళకు మా చేలో చుక్క పడలేదు. పరిహారం రాలేదు. బీమా వాళ్లు చేను చూడరు, వానమాపకం చూస్తారు. అది ఉన్న చోట ఆ వారం బాగా కురిసింది. ఆ రాత్రి నాయన, "మండలంలో కురిసింది, మన చేలో కురవలేదు" అని రాశాడు. పెన్ను ఎంత గట్టిగా నొక్కాడంటే కింద నాలుగు పేజీలకు అచ్చు పడింది.

నాయన కూతురు పాప నన్ను తిరగేసింది 2022 చివర్లో. ఆమె అనంతపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఆదివారం పల్లెకొచ్చి, అటకమీది నన్ను దించి, చివరి పేజీలో "ఏ కార్డు?" అని రాసి కింద గీత గీసింది. తర్వాత స్కేలు పెట్టి అయిదు గళ్లు: కార్డు, శాతం, పరిమితి, ఫీజు, దేనికి ఇవ్వరు. మొదట అంతా పెన్నుతోనే రాసింది. ఆ నెలలోనే తనూ ఒక క్రెడిట్ కార్డు తీసుకుంది. ఆన్‌లైన్‌లో కొంటే నూటికి ఐదు, బయట కొంటే ఒకటి తిరిగిస్తామన్నారు.

ఆ పెన్ను రాతలు ఎక్కువ కాలం నిలవలేదు. ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డులో ఒక బిల్లుకు గరిష్ఠంగా 10,000 అని రాసుకున్నది 2023 మే 1 నుంచి 5,000 అయింది. యాక్సిస్ ఏస్ కార్డులో అన్నిటికీ 2 శాతం అన్నది 2024 ఏప్రిల్ 20 నుంచి 1.5 అయింది. ఫ్లిప్‌కార్ట్ యాక్సిస్ కార్డులో మిగతా ఖర్చులకిచ్చే 1.5 కాస్తా 1 అయింది. పాప కొట్టేసి పక్కన రాసేది, దాన్నీ కొట్టేసేది. ఆ పేజీ చూస్తే ఎవరో దెబ్బలాడినట్టుంటుంది. చివరికి శాతాల గడిని పెన్సిల్‌కు మార్చింది. చెరిపి చెరిపి ఆ చోట నా కాగితం ఎంత పలచబడిందంటే, ఎత్తి పట్టుకుంటే అవతలి పేజీ కనబడుతుంది. నాయనకు ఈ ఇబ్బంది ఎప్పుడూ లేదు. కురిసిపోయిన వానను ఎవరూ వెనక్కి తీసుకోరు.

ఒక పండగకు పాప ఇంటి సరుకులన్నీ ఒక కొట్టులో కార్డు మీద కొంది. నెలాఖరున చూస్తే ఆ కొనుగోలుకు ఒక్క రూపాయీ తిరిగి రాలేదు. ఆరా తీస్తే తెలిసింది. ప్రతి దుకాణానికీ ఒక నాలుగంకెల కోడు ఉంటుంది. కిరాణాకు 5411, పెట్రోలు బంకుకు 5541, కరెంటు బిల్లుల్లాంటి వాటికి 4900. సంచిలో ఏముందో కార్డుకు తెలియదు, కోడు చెప్పిందే లెక్క. ఆ కొట్టు మిషన్ క్యాష్‌బ్యాక్ లేని కోడు మీద ఉంది. పాప ఇదంతా చెబుతుంటే నాయన నన్ను చేతిలోకి తీసుకుని, ముందు వైపు తిప్పి, ఆ అచ్చుపడిన పేజీ తీశాడు.

"ఇదే కద పాపా?"

పాప ఆ వాక్యం చదివి చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు నుంచే నాలో రెండు లెక్కలూ ఒకటే లెక్క అనుకుంటాను నేను.

అంతకన్నా బరువైన పేజీ ఇంకొకటి ఉంది. అమ్మకు ఒంట్లో బాగాలేని నెల పాప కార్డు బిల్లులో కనీస మొత్తమే కట్టింది. అది అసలులో ఇరవయ్యో వంతు. తర్వాత కూర్చుని లెక్కేసింది. 14,000 బాకీ ఒక్క నెల నిలిస్తే, నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 490. దాని మీద 18 శాతం జీఎస్టీ 88. మొత్తం 578. ఆమెకు నెలకొచ్చే క్యాష్‌బ్యాక్ 230.

"అంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీనా!" నాయన గొంతు పెరిగింది. "మనూర్లో రెండు రూపాయలకిచ్చేటోన్నే జనం తిట్టుకుంటారు గదమ్మా."

"అవున్నాయనా. ఇది చట్టం ఒప్పుకున్న వడ్డీ."

2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ కార్డుల మీద ఏడాదికి 30 శాతం దాటి వడ్డీ తీసుకోకూడదంది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది. పాప ఆ తేదీని నా అంచున రాసిపెట్టుకుంది, అది పెన్నుతోనే.

నాయన అప్పుడు తన కార్డు సంగతి ఎత్తాడు. మూడు లక్షల లోపు పంట అప్పుకు ఏడాదికి 7 శాతం వడ్డీ. గడువులో కట్టిన రైతుకు 3 శాతం తగ్గించి 4 తీసుకుంటారు. టైముకు కట్టినందుకు ఆయనకు మూడు తిరిగొస్తుంది. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం ఇది: "నాకు తగ్గించేది సర్కారు. నీకు తిరిగిచ్చేది ఎవరి మూటలోంచి?"

పాప ఆ ప్రశ్నకు రెండు ఆదివారాలు తీసుకుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీలు అవే. కార్డు గీకినప్పుడల్లా దుకాణదారు నూటికి సుమారు రెండు రూపాయలు వదులుకుంటాడు. రెండొచ్చే చోట ఐదు ఇవ్వాలంటే మిగతా మూడు ఇంకెక్కడో పుట్టాలి. కొంత ఏటా కట్టే ఫీజుల్లోంచి, కొంత కొత్త ఖాతాదారుల కోసం బ్యాంకు చేసే ఖర్చులోంచి, చాలా మటుకు బిల్లు పూర్తిగా కట్టలేక మూడున్నర రూపాయల వడ్డీ మోసేవాళ్ల దగ్గర్నుంచి. అమ్మకు బాగాలేని ఆ నెల తానూ వాళ్లలో ఒకతె. 2023 నవంబరులో రిజర్వు బ్యాంకు, బ్యాంకుల కార్డు బాకీలకు రిస్కు వెయిటును 125 నుంచి 150 శాతానికి పెంచింది. అంటే అదే బాకీకి బ్యాంకు పక్కన పెట్టుకోవాల్సిన సొంత డబ్బు పెరిగింది. ఐదు ఐదుగానే ఉంటుందని ఆశపడటానికి ఆధారమేదీ ఆమెకు దొరకలేదు.

అప్పుడు కొత్త పేజీ తీసింది. ఈసారి కార్డుల పేర్లు రాయలేదు, ముందు తన ఖర్చు రాసింది. నెలకు కార్డు మీద 14,000. అందులో ఆన్‌లైన్ 4,000, మార్టులో 3,000, పెట్రోలు 2,500. కరెంటు, బీమా, పిల్లవాడి ఫీజు కలిపి 4,500. చివరి రెంటికీ ఏమీ రాదు. ఐదు శాతం చొప్పున 200, ఒక శాతం చొప్పున 30. ఏడాదికి 2,760. అందులో కార్డు ఫీజు 999, దాని మీద జీఎస్టీతో కలిపి 1,179 పోతే మిగిలింది 1,581. ఏడాది ఖర్చు 1,68,000 మీద అది ఒక శాతం కూడా కాదు. రెండు లక్షలు ఖర్చు పెడితే ఫీజు ఉండదని కార్డు వాళ్లు చెప్పారు. దానికి మరో 32,000 అక్కర్లేనివి కొనాలి. ఆ వాక్యం కింద పాప రెండు గీతలు గీసింది.

పక్కన ఫీజు లేని కార్డు ఒకటి. ఐదు శాతం ఒక్క దుకాణం యాప్‌లోనే, మిగతా అంతటా ఒకటి. ఆ యాప్‌లో తాను కొనేది 2,500. దానికి 125, మిగిలిన ఆన్‌లైన్‌కూ మార్టుకూ 45. నెలకు 170, ఏడాదికి 2,040. రేపు ఆ ఐదు మూడైనా 1,440 వస్తుంది. ఫీజు లేదు గనక చేతినుంచి పోయేదేమీ ఉండదు. నాయన దీన్ని చూసి, "రాగులు వేసినట్టుంది. తక్కువే, గానీ ఎండదు" అన్నాడు.

ఆ ఫీజు లేని కార్డునే ఎంచుకున్నాక ఆమె మరో రెండు పనులు చేసింది. బిల్లు మొత్తం జీతం ఖాతా నుంచి దానంతటదే కట్టుబడేలా పెట్టింది. పల్లెలో చిన్న కొట్టు ఆయన దగ్గర కార్డు తీయడం మానేసింది, ఖాతాలోంచే యూపీఐ చేస్తుంది. ఆయనకు ఆ రెండు రూపాయలు పెద్దవి.

పాత కార్డు మూసేయమని కోరింది. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసేయాలి, లేదంటే బ్యాంకు రోజుకు 500 చొప్పున ఖాతాదారుకు ఇవ్వాలి. ఇది 2022 జులై నుంచి రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం. అయిదో రోజు సందేశం వచ్చింది. ఆమె ఆ కార్డు వరస మీద అడ్డగీత గీసి, కొత్త కార్డు పేరు పెన్నుతో, దాని శాతం పెన్సిల్‌తో రాసింది.

బయట అప్పుడే వాన వెలిసింది. నాయన చెప్పులు విడిచి లోపలికొచ్చి చెయ్యి చాచాడు. పాప నన్ను తిరగేసి ఆయన వైపు తెరిచి, పెన్ను ఇచ్చింది. తేదీ వేసి, మిల్లీమీటర్ల చోటు రేపటికి వదిలి, మడిమలకంటిన మట్టి చూసుకుని, "పదునైంది" అని రాశాడు. ఆయన పేజీకీ ఆమె పేజీకీ మధ్య నాలో ఇంకా పదకొండు తెల్ల కాగితాలున్నాయి.