ఏ రాయైతేనేం?

జియో మంచిదా, ఎయిర్‌టెల్ మంచిదా? ఆర్టీసీ బస్సులో ఒక్కసారి ఈ మాట పైకి అనండి. దిగే స్టాపు వచ్చేదాకా వాదన ఆగదు. జియో వాడే ఆయనకు పడగ్గదిలో సిగ్నల్ రాదు. ఎయిర్‌టెల్ వాడే ఆయనకు ఆఫీసులో రాదు. అయినా మా కంపెనీ గొప్పంటే మా కంపెనీ గొప్పని ఇద్దరూ గొంతు చించుకుంటారు. జీతం లేని సేల్స్‌మెన్! రెండు సిమ్ములు వేసుకున్న మూడో ఆయన మాత్రం నోరెత్తడు. పాపం, ఆయన ఇద్దరికీ కప్పం కడుతున్నాడు.

సరే, పోల్చే చూద్దాం. ముందు వేగం.

2015లో ఎయిర్‌టెల్ ఓ సవాలు విసిరింది. మా 4జీ కంటే వేగమైన నెట్‌వర్క్ చూపిస్తే జీవితాంతం మీ మొబైల్ బిల్లు మేమే కడతామంది. ప్రకటన జనాన్ని తప్పుదోవ పట్టిస్తోంది, తీసేయండని ప్రకటనల ప్రమాణాల మండలి చెప్పాల్సి వచ్చింది. రెండేళ్లు తిరిగాయి. 2017లో అదే కంపెనీ మళ్లీ గోదాలోకి దిగింది. దేశంలో 'అధికారికంగా' అత్యంత వేగవంతమైన నెట్‌వర్క్ తనదేనంది. రుజువేమిటయ్యా అంటే ఊక్లా వారి స్పీడ్‌టెస్ట్ చూపించింది. జియో భగ్గుమంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి మైస్పీడ్ లెక్కల్లో మేం ముందుంటే మీరెలా ఫస్టవుతారని మండలికి ఫిర్యాదు చేసింది. ప్రకటన మార్చుకోండి, లేదా మానుకోండి అని మండలి మరోసారి చెప్పింది. మొత్తానికి ఒకే దేశంలో అత్యంత వేగవంతమైన నెట్‌వర్క్‌లు రెండు తేలాయి. ఇద్దరూ ఫస్టే. మరి మన ఫోన్‌లో ఆ చక్రం ఎందుకు గిర్రున తిరుగుతూనే ఉంది? అడక్కండి. తిరగనివ్వండి.

పైగా ఈ లెక్కలన్నీ సగటులు. ఎక్కడి సగటు? మన రాష్ట్రం 2014లో రెండైంది. ఆస్తుల పంపకాల పంచాయితీ ఇంకా తెగలేదు. టెలికాం శాఖకు మాత్రం విభజన జరిగిన కబురే అందినట్టు లేదు. ఇచ్ఛాపురం నుంచి ఆదిలాబాద్ దాకా ఇప్పటికీ ఒకటే సర్కిల్. దాని పేరు ఆంధ్రప్రదేశ్. మాదాపూర్ అద్దాల మేడలో కూర్చున్నవాడినీ, ఏజెన్సీలో సిగ్నల్ కోసం కొండెక్కేవాడినీ ఒకే గాట కట్టి సగటు తీస్తారు. ఆ అంకె ఆ ఇద్దరిలో ఎవరికి పనికొస్తుందో చెప్పండి?

నిజమైన తేడాలు లేకపోలేదు. జియోకు 2జీ లేదు. అమ్మమ్మ పాత కీప్యాడ్ ఫోన్‌లో ఆ సిమ్ వేస్తే పలకదు. ఎయిర్‌టెల్ 3జీని మూసేసినా 2జీని ఉంచుకుంది. 5జీ కోసం జియో దగ్గర 700 మెగాహెర్ట్జ్ బ్యాండు ఉంది. అది గోడలు దాటి లోపలికి బాగానే వస్తుంది. ఇక అసలు సంగతి మీ వీధిది. టవర్ ఎంత దూరం? దాని మీద ఎంతమంది వేలాడుతున్నారు? దానికి ఫైబర్ వేశారా లేదా? మీ పడగ్గది జాతకం తేల్చేది ఇవే. ఇందులో ఒక్క ముక్కైనా ప్రకటనల్లో చూశారా? కవరేజీ మ్యాపులు వెబ్‌సైట్లలో పెట్టండని 2024లో ట్రాయ్ నిబంధన తెస్తే తప్ప కదలిక లేదు. పెట్టారు లెండి. మ్యాపులో మీ ఇంటికి సిగ్నల్ నిండుగా ఉంటుంది. ఫోన్ మాట్లాడాలంటే మీరు డాబా ఎక్కుతారు.

ఇక ధర. ఇక్కడ కాస్త తీరిగ్గా కూర్చోవాలి.

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. ఫ్రీ! మరుసటి ఏడాది మార్చి దాకా డేటా ఫ్రీ. కాల్స్‌కైతే ఇక మీదట డబ్బు కట్టే పనే లేదన్నారు. మనం ఎండలో క్యూలు కట్టాం. ఆధార్ ఇచ్చాం, వేలిముద్రలు వేశాం. ఫ్రీ అంటే ఫినాయిలైనా తాగేవాళ్లమాయె! ఈలోగా మిగతా కంపెనీలు ఒక్కొక్కటే దుకాణం సర్దేశాయి. ఎయిర్‌సెల్ దివాలా తీసింది. టెలినార్, టాటా డొకోమో వెళ్లి ఎయిర్‌టెల్‌లో కలిశాయి. వొడాఫోన్, ఐడియా 2018లో ఒకదాన్నొకటి పట్టుకుని ఎలాగో నిలబడ్డాయి. ఇవాళ దేశంలోని మొబైల్ చందాదారుల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఈ ఇద్దరి చేతుల్లోనే ఉన్నారు. బజారు ఖాళీ అయ్యాక బేరం ఎవరితో?

2019 డిసెంబర్‌లో పెంచారు. 2021 చివర్లో పెంచారు. 2024లో మళ్లీ పెంచారు. ఆ మూడోసారి వరస చూడండి. జూన్ 27న జియో ప్రకటించింది. 28న ఎయిర్‌టెల్ ప్రకటించింది. అమలు ఎప్పటి నుంచి? ఇద్దరిదీ జులై 3. జియో 239 రూపాయల ప్యాక్ 299 అయింది. ఎయిర్‌టెల్ 265 రూపాయల ప్యాక్? అదీ 299 అయింది. బయల్దేరిన చోట్లు వేరు, చేరిన గుమ్మం ఒకటే. కుమ్మక్కా? ఛ, అంత మాట అనకండి. పెద్దవాళ్ల ఆలోచనలు కలిశాయంతే. ప్రభుత్వం ఏమంది? ధరలు మార్కెట్ నిర్ణయిస్తుందంది. ఆ మార్కెట్‌లో ఉన్నదెవరు స్వామీ?

ఆ 299కి ఎన్నాళ్లు? 28 రోజులు. నెలనెలా జీతం, నెలనెలా అద్దె, నెలనెలా పాల డబ్బులు. రీఛార్జి మాత్రం నాలుగు వారాలకోసారి. ఏడాదికి 13 సార్లు. పన్నెండు నెలల్లో పదమూడో నెలను దాచిన ఘనులు వీళ్లు. ఆ ఒక్క అదనపు రీఛార్జిని దేశంలో ఉన్న సిమ్ములతో హెచ్చవేసుకోండి. కాలిక్యులేటర్ చాలదు. జనం గోల పెట్టగా పెట్టగా 2022 జనవరిలో ట్రాయ్ కళ్లు తెరిచింది. కనీసం ఒక్క ప్యాక్ అయినా 30 రోజులది పెట్టండి, ఇంకొకటి ప్రతి నెలా అదే తేదీకి వచ్చేలా పెట్టండంది. పెట్టారు. యాప్ తెరిచి వెతకండి. దొరికితే మీ అదృష్టం. పైనుండే వరసలో మెరిసేది 28 రోజులదే.

డేటా అక్కర్లేని వాళ్ల సంగతి మరీ దారుణం. ఇంటికి ఫోన్ చేసుకోవడమే తప్ప నెట్ ముఖం చూడని ముసలాయన కూడా జీబీలకు జీబీలు కొనుక్కోవాల్సి వచ్చేది. ఎందుకు? వేరే ప్యాకే ఉండేది కాదు కాబట్టి. ఉత్త కాల్స్‌కు ప్యాకులు పెట్టండని 2024 డిసెంబర్‌లో ట్రాయ్ ఆదేశించింది. 2025 జనవరిలో తెచ్చారు. మీ ధరలు పరిశీలిస్తామని ట్రాయ్ అనగానే రోజుల్లోనే ధర తగ్గించారు కూడా. తగ్గించగలిగినవాళ్లు ముందే ఎందుకు తగ్గించలేదు? అలా తగ్గాక పెద్ద ప్యాక్ జియోది 1,748 రూపాయలు. ఎయిర్‌టెల్‌ది 1,849. ఆహా, వంద రూపాయల తేడా దొరికింది, జియో చవక! ఆగండి. ఎయిర్‌టెల్‌ది 365 రోజులు. జియోది 336 రోజులు. పన్నెండు ఇరవై ఎనిమిదులు! రోజు లెక్కన చూస్తే ఎక్కువ ధర పలికేదే చవక. పోనీ ఎయిర్‌టెలే చవక అందామా? 84 రోజుల ప్యాక్ చూడండి. జియోకు 448, ఎయిర్‌టెల్‌కు 469. లెక్క మళ్లీ తిరగబడింది. ఎనభై ఏళ్ల పెద్దాయన మనవడికి ఫోన్ చేసుకోవాలంటే ముందు భాగహారాలు చేయాలన్నమాట.

5జీ అన్‌లిమిటెడ్ అంటారా? 2024 జులై నుంచి రోజుకు 2 జీబీ, ఆ పైన 4జీ డేటా ఉన్న ప్యాక్ కొన్నవారికే ఆ భాగ్యం అన్నారు. ముందుకు సాగుదాం.

కాల్స్ మాటేమిటి? 'హలో... హలో... వినబడుతోందా?' ఇవాళ తెలుగువాడు ఫోన్‌లో ఎక్కువసార్లు పలికే వాక్యం ఇదే కావచ్చు. కాల్ కట్ అయితే పరిహారం ఇవ్వాలని ట్రాయ్ 2015లో ఆదేశించింది. ఎంత? కాల్‌కు ఒక రూపాయి. రోజుకు గరిష్ఠంగా మూడు. ఆ మూడు రూపాయల కోసం కంపెనీలు దేశంలోని పెద్ద పెద్ద లాయర్లను పెట్టుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 2016 మేలో గెలిచాయి. ఆ ఆదేశం ఏకపక్షం, అసమంజసం అంటూ కోర్టు కొట్టేసింది. మీకు రావాల్సిన రూపాయి అక్కడే కట్ అయింది.

కట్ కాకుండానే కట్ అయ్యే విద్య ఇంకోటుంది. రేడియో లింక్ టైమవుట్ అంటారు. సిగ్నల్ పోయినా ఆ గడువు తీరేదాకా లైన్ లెక్కల్లో బతికే ఉంటుంది. మీకు అవతలి మాట వినబడదు. అవతలివాళ్లకు మీ మాట వినబడదు. కానీ కాల్ 'నడుస్తోంది'. విసుగెత్తి ఎర్ర బటన్ మీరే నొక్కారా? అయితే అది కాల్ డ్రాప్ కాదు. పెట్టేసింది మీరు కదా!

2019లో ఈ ఇద్దరూ నిజంగానే కొట్టుకున్నారు. దేని గురించి? సిగ్నల్ గురించా? కాదు. రింగు గురించి. అప్పట్లో ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కు కాల్ వెళ్తే చేసిన కంపెనీ అవతలి కంపెనీకి నిమిషానికి 6 పైసలు కట్టాలి. రింగు తొందరగా ఆగిపోతే? అవతలివాడికి మిస్డ్ కాల్ పడుతుంది. వాడు తిరిగి చేస్తాడు. అప్పుడు ఆ 6 పైసలు వాడి కంపెనీయే కట్టాలి. అదీ కిటుకు! జియో రింగు సమయం కుదించింది. ఎయిర్‌టెల్ గగ్గోలు పెట్టింది. తర్వాత ఏం చేసింది? తానూ 25 సెకన్లకు కుదించింది. వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చిన ఇల్లాలికి ఫోన్ అందేలోపే రింగు ఆగిపోయింది. ఎందుకో ఆమెకు తెలియదు. ఆరు పైసల కోసమమ్మా! చివరికి కనీసం 30 సెకన్లు మోగాలని ట్రాయ్ ఫర్మానా జారీ చేయాల్సి వచ్చింది. ఫోన్ ఎంతసేపు మోగాలో చెప్పడానికి ఒక నియంత్రణ సంస్థ! కాల్స్‌కు డబ్బే ఉండదన్న జియో, అదే ఏడాది అక్టోబర్‌లో ఇతర నెట్‌వర్క్‌లకు చేసే కాల్స్‌పై అవే 6 పైసలు మన దగ్గర వసూలు చేసింది. కంపెనీల మధ్య ఆ 6 పైసల విధానం 2021 జనవరి 1న రద్దయ్యాక మళ్లీ ఫ్రీ అంది. మాట ఇవ్వడమూ ఫ్రీయే, తప్పడమూ ఫ్రీయే.

ఇంత వైరం ఉన్నవాళ్లు శాటిలైట్ ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ విషయంలో ఎలా ఉన్నారు? శాటిలైట్ కంపెనీలూ మాలాగే డబ్బు కట్టి స్పెక్ట్రమ్ కొనాలని ఇద్దరూ అన్నారు. 2025 మార్చి 11న ఎయిర్‌టెల్ అదే స్టార్‌లింక్‌తో ఒప్పందం ప్రకటించింది. 12న జియో ప్రకటించింది. ఒక్క రోజు తేడా. బస్సులో వీళ్ల కోసం కొట్టుకున్న పెద్దమనుషులారా, విన్నారా?

మూడో దారి లేదా అంటారు. ఉంది. వొడాఫోన్ ఐడియాలో దాదాపు 49 శాతం వాటా ప్రభుత్వానిదే. బీఎస్ఎన్ఎల్ మొత్తం ప్రభుత్వానిదే. 5జీని ప్రధాని 2022 అక్టోబర్ 1న ప్రారంభించారు. బీఎస్ఎన్ఎల్ దేశవాళీ 4జీని 2025 సెప్టెంబర్ 27న ప్రారంభించారు. మళ్లీ చదవండి. తేదీలు తారుమారు కాలేదు. 2024లో ప్రైవేటు రేట్లు పెరగ్గానే జనం కోపంతో బీఎస్ఎన్ఎల్‌కు పరుగెత్తారు. వచ్చిన జనానికి చూపించడానికి సర్కారు చేతిలో అప్పటికి సరైన 4జీ కూడా లేదు.

పోనీ, పోర్ట్ పెట్టేద్దామా? 1900కి మెసేజ్ కొట్టండి. కోడ్ వస్తుంది. అప్పుడు చూడాలి వైభోగం! ఇన్నేళ్లూ కస్టమర్ కేర్‌లో ఒకటి నొక్కు, రెండు నొక్కు అని తిప్పిన కంపెనీ తానే ఫోన్ చేస్తుంది. సార్ అంటుంది. మీకోసమే ప్రత్యేక ఆఫర్ అంటుంది. నమ్మి ఉన్నవాడికి లేని రేటు, పోతానన్నవాడికి ఎక్కణ్నుంచి పుట్టింది? వినకుండా వెళ్లిపోయారనుకోండి. అక్కడా 28 రోజులే. అక్కడా 'హలో... హలో' అనడమే. నచ్చలేదని వెంటనే వెనక్కి రాలేరు. 90 రోజులు ఆగాలి. ఏ రాయైతేనేం, పళ్లూడగొట్టుకోవడానికి?

కాబట్టి ఏది మంచిదని పక్కింటాయన్ని అడగడం మానండి. ఆయన గోడలు వేరు, మీ గోడలు వేరు. ఫిర్యాదు చేయండి. డాకెట్ నంబర్ రాసిపెట్టుకోండి. ట్రాయ్‌కి రాస్తారా? విడివిడిగా వచ్చే ఫిర్యాదులు ట్రాయ్ తీర్చదు. కంపెనీకే చెప్పుకోవాలి. కంపెనీ తీర్పు నచ్చకపోతే అప్పీలు అధికారి ఉంటాడు. ఆయన్ను నియమించిందెవరు? ఆ కంపెనీయే. ఇక మిగిలింది ఒక్క మెట్టు. ఫోన్ గొడవలు వినియోగదారుల కోర్టుకు రావని కంపెనీలు ఏళ్ల తరబడి వాదించాయి. వస్తాయని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది. జిల్లా కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. లాయరు ఉండి తీరాలన్న నియమమూ లేదు. ఇంట్లోనే కూర్చుని ఆన్‌లైన్‌లో కేసు వేయొచ్చు. నెట్ వస్తే.