చెట్టెక్కితే మార్కుల్లేవు

వ్యాయామ విద్యలో డాక్టరేటు కావాలనుకునేవారికి ఒక రాచబాట ఉంది. పల్లెలో ఒక బడి, పట్నంలో ఒక బడి చూసుకోవాలి. రెండుచోట్లా పిల్లల్ని వరుసలో నిలబెట్టి గెంతించాలి. వచ్చిన అంకెల్ని కంప్యూటర్లో వేసి పిండి, ‘గ్రామీణ, పట్టణ బాలల చలన నైపుణ్యాలు: ఒక తులనాత్మక పరిశీలన’ అని బంగారు అక్షరాలతో అట్ట వేయించాలి. పల్లె గెలిస్తే కారణం సహజ వాతావరణం. పట్నం గెలిస్తే కారణం సదుపాయాలు. ముగింపు ముందే సిద్ధం, పిల్లలు గెంతడమే తరువాయి.

కొలబద్ద మాత్రం దిగుమతి సరుకు. అమెరికాలో డేల్ అల్రిక్ 1985లో తెచ్చిన ‘టెస్ట్ ఆఫ్ గ్రాస్ మోటర్ డెవలప్‌మెంట్’ ఇలాంటి పరీక్షల్లో బాగా పేరున్నది. మూడో కూర్పులో 13 నైపుణ్యాలున్నాయి. పరుగు, దూకడం, బంతి పట్టడం, తన్నడం... ఇంతవరకు పేచీ లేదు. వాటి మధ్య ఒకటుంది: నిలువు కడ్డీ మీద కదలకుండా కూర్చున్న బంతిని రెండు చేతులా బ్యాటు పట్టి బాదాలి. బేస్‌బాల్ ఆడే దేశంలో అది బుడతలకు తొలిపాఠం. మనవాడు చిర్రగోనె ఆడినవాడు, గుంతలోంచి లేపిన బిళ్ళను గాల్లో ఉండగానే కొట్టడం తెలిసినవాడు. కదలని బంతిని చూసి, ఇది ఎప్పుడు లేస్తుందా అని ఎదురుచూస్తాడు. ఈలోగా పరిశోధకుడు కాలు ముందుకు వేయలేదని ఒక సున్నా, నడుం తిప్పలేదని ఇంకో సున్నా వేసేస్తాడు.

ఇదే పరీక్ష రెండో కూర్పు 2000లో వచ్చింది. దాని ప్రమాణాలు 10 అమెరికా రాష్ట్రాల్లోని 1,208 మంది పిల్లల్ని చూసి కట్టినవి. ఆ పదింటిలో మన రెండు రాష్ట్రాలూ లేవు, కంగారుపడకండి. జర్మనీవాళ్లది 1974 నాటి పరీక్ష ఇంకొకటుంది. అందులో 6, 4.5, 3 సెంటీమీటర్ల వెడల్పున్న చెక్క దూలాల మీద వెనక్కి నడవాలి. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వాన వెలిసిన చేలగట్టు మీద నడిచే పిల్ల దగ్గరికి ఆ దూలాన్ని మోసుకెళ్లి, నీకు సమతౌల్యం ఉందా తల్లీ అని అడగడానికి నిజంగా గుండె ధైర్యం కావాలి. చెట్టెక్కడానికి, చెరువు ఈదడానికి, ఫ్రేము సందులోంచి కాలు దూర్చి నాన్న సైకిలు తొక్కడానికి ఈ కాగితాల్లో గడే లేదు.

పల్లెను పొగిడే పాట అందుకోబోతున్నారా? ఆగండి. గద్వాల వైపు నడిగడ్డలో సీడు పత్తి చేలకు పిల్లల్నే ఏరికోరి తీసుకెళ్లేవారు. క్రాసింగ్ పనికి, పువ్వు చిదమకుండా పువ్వు మీద పువ్వు రాయడానికి, చిన్న వేళ్లు కావాలి మరి. సూక్ష్మ చలన నైపుణ్యంలో నూటికి నూరు, బడి హాజరులో సున్నా! ఏ సిద్ధాంత గ్రంథమైనా దీన్ని ‘సహజ వాతావరణ ప్రభావం’ కింద రాసుకుంటుందేమో చూడాలి.

ఇక పట్నం. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని ఉంది. నాలుగంతస్తుల అపార్టుమెంటులో బడి పెట్టినవాళ్లు ఆ వాక్యం చదవక కాదు, సెల్లారుకు ఆ పేరే పెట్టారు. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషను మొదలయ్యాక ఆటల పీరియడు లెక్కల మాస్టారి పాలు. పిల్లాడి వేళ్లు పెన్సిలు పట్టడం లేదని తల్లి బెంగపడితే, దానికీ ఒక సెంటరు ఉంది. అక్కడ ఒక గిన్నెలో శనగలు పట్టకారుతో తీసి ఇంకో గిన్నెలో వేయిస్తారు. అమ్మమ్మ చాటలో పప్పు ఏరమంటే ‘పిల్లాడితో పనా?’ అని ఎగిరిపడిన ఇల్లే ఇక్కడ నెలవారీ ఫీజు కట్టి రసీదు భద్రంగా దాచుకుంటుంది.

సర్కారువారూ ఊరుకోలేదు. ఫిట్ ఇండియా వారు 5 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఎత్తు, బరువులతో పాటు రెండు పరీక్షలు పెట్టారు: ఒంటికాలి మీద నిలబడే ఫ్లెమింగో బ్యాలెన్స్, రెండు బిళ్ళల మధ్య చెయ్యి చకచకా ఆడించే ప్లేట్ ట్యాపింగ్. పరీక్షలు మంచివే. కానీ ఆటస్థలం లేని బడిలో, వ్యాయామ ఉపాధ్యాయుడు లేని బడిలో, ఏడాదికోసారి చేసే ఈ కొంగజపం అంకెలు యాప్‌లోకి ఎక్కాక ఏమవుతుంది? ఏమీ కాదు, వచ్చే ఏడాది మళ్లీ ఎక్కుతాయి.

అసలు ఆ అమెరికా, జర్మనీ పరీక్షలు పుట్టింది ఒక ఊరిని ఇంకో ఊరితో పందెం కట్టడానికి కాదు, వెనకబడిన బిడ్డను వెతికి పట్టుకోవడానికి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక నుంచి 18 ఏళ్ల దాకా ఎదుగుదల లోపాలను కూడా చూడాలి. చలనంలో వెనకబాటు అందులో ఉంది. అందుకు జిల్లాల్లో సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో విద్యాశాఖవారి భవిత కేంద్రాలూ ఉన్నాయి. పల్లె, పట్నం సరాసరుల తూకంలో ఆ ఒక్క బిడ్డ ఎక్కడా కనిపించడు.

కాబట్టి పరిశోధక మహాశయులారా, బ్యాటూ బంతీ సర్దుకుని వెళ్లేముందు, మీ వరుసలో అందరికంటే తక్కువ మార్కులు వచ్చిన పిల్లవాడి పేరు హెడ్మాస్టరు చేతికిచ్చి వెళ్లండి. మీ పట్టా ఎక్కడికీ పోదు.