ఇరవై నాలుగో వంతు సంసారం

మా ఇంట్లో రెండు బండ్లున్నాయి. ఒకటి పదకొండేళ్ల కారు. దాని వైపర్ రబ్బరు మార్పించమని మా ఆవిడ రెండు వానాకాలాలుగా చెబుతోంది. రెండోది అరచేతికి కాస్త పెద్దదైన రిమోట్ జీపు. దానికి ఈ ఏడాది కొత్త టైర్లు, కొత్త బ్యాటరీ, కొత్త స్టీరింగు మోటారు వచ్చాయి. ఈ వ్యాసం రెండో బండి గురించి. మొదటిదాని గురించి మా ఆవిడ ఎప్పుడైనా రాస్తే రాయవచ్చు.

రిమోట్ కారు అనగానే రయ్యిమని దూసుకెళ్లి సోఫా కింద దూరేది అనుకుంటారు. ఇది అలాంటిది కాదు. దీన్ని రాక్ క్రాలర్ అంటారు. మనిషి నడక కన్నా నెమ్మది. దీని పనల్లా రాళ్లెక్కడమే. నాలుగు చక్రాలకూ బలం అందుతుంది. మామూలు కార్లలో మలుపు దగ్గర కుడి ఎడమ చక్రాలను వేరు వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్‌ను ఇందులో కదలకుండా బిగించేస్తారు. ఒక చక్రం గాల్లోకి లేచినా జంట చక్రం రాతిని పట్టుకుని లాగుతూనే ఉంటుంది. అచ్చం ఉమ్మడి కుటుంబంలా.

కొలత 1/24. అంటే అసలు జీపులో ఇరవై నాలుగో వంతు. ఈ సైజులో అందరూ జపించే పేరు ఆక్సియల్ వారి ఎస్‌సీఎక్స్24. నాది దానికి దూరపు చుట్టం, పెళ్లిపత్రికలో పేరు వేయనంత దూరం. ఖరీదు 3,600 రూపాయలు. "మార్పులకి ఇంకో వెయ్యి, అంతే" అని ఇంట్లో మాటిచ్చాను. మా ఆవిడ బ్యాంకు ఉద్యోగి. పాలపద్దు పుస్తకంలో వెనక పేజీ తిప్పి, పైన "బండి" అని రాసి, కింద గీత గీసింది.

హైదరాబాదులో రాళ్లకేం కరువు? సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఎండకీ వానకీ ఉల్లిపొరల్లా ఊడి, గుండ్రమై, ఒకదాని మీదొకటి పేర్చినట్టు నిలబడ్డ గుండ్లు. వాటిని పగలగొట్టి అపార్టుమెంట్లు కడుతుంటే, వద్దని మొత్తుకోవడానికి 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అని ఒక సంస్థ కూడా పుట్టింది. మిగిలినవాటిలో ఖాజాగూడ గుట్ట ఒకటి. ఆదివారం పొద్దున్నే కుర్రాళ్లు నడుముకు తాళ్లు కట్టుకుని అక్కడ బండలెక్కుతుంటారు. వాళ్ల కాళ్ల దగ్గర, మోకాళ్ల మీద, రిమోటుతో నేను.

నా మొదటి మార్పు శాస్త్రం కోసం కాదు, అందం కోసం. టాపు మీద ఇనుప క్యారియర్, దానికి వరుసగా లైట్లు, రెండు బుల్లి డీజిల్ డబ్బాలు. 450 రూపాయలు. బరువెంత, ముప్పై అయిదు గ్రాములేగా అనుకున్నాను. బండి మొదటి రాయి సగం ఎక్కి, ఆలోచించి, వెల్లకిలా పడింది. రెండోసారీ అంతే. లైట్లు మాత్రం ఆకాశంకేసి చక్కగా వెలిగాయి.

ఇంటికొచ్చి లెక్క వేశాను. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఇరవై నాలుగు రెట్లయితే బరువు 13,824 రెట్లవుతుంది. ఆ లెక్కన నా ముప్పై అయిదు గ్రాములు నిజం జీపులో 484 కిలోలు. అంటే, నెత్తిన నిండు గేదెను ఎక్కించి కొండెక్కమన్నాను.

బుద్ధి ఉన్నవాడైతే గేదెను దించేవాడు. నేను టైర్లు కొన్నాను. మెత్తటి రబ్బరు టైర్లు, 780. అవి రాతిని బల్లిలా కరుచుకున్నాయి. ఎంతగా కరుచుకున్నాయంటే, స్టీరింగు తిప్పే సర్వో వాటిని తిప్పలేక మూలగసాగింది. ఇనుప పళ్ల సర్వో, 400. అది రాళ్ల మధ్య ఇరుక్కుని గింజుకున్నప్పుడల్లా కరెంటు గటగటా తాగేసేది. వోల్టేజి పడిపోయి బండికి స్పృహ తప్పేది. కొత్త లైపో బ్యాటరీ, 950. ఒక్కో సెల్లు 4.2 వోల్టులు దాటి ఎక్కకూడదు, 3 కిందకి దిగకూడదు, తేడా వస్తే పూరీలా పొంగుతుంది. కాబట్టి దాన్ని కనిపెట్టుకుని ఉండే ఛార్జరు, 850.

గోచీని ఎలుకల నుంచి కాపాడుకోవడానికి పిల్లిని పెంచి, పిల్లికి పాల కోసం ఆవును తెచ్చి, ఆవును మేపడానికి పెళ్లి చేసుకున్న సన్యాసి కథ చిన్నప్పుడు విని నవ్వాను. ఆయన దగ్గర రిమోటు ఒక్కటే తక్కువ.

ఇంత చేసినా ఎక్కాల్సిన రాయి ఎక్కడం లేదు. ఇక మిగిలింది ఇత్తడి భాగాలే అని 2,400 రూపాయల సెట్టు ఒకటి చూస్తుంటే, మా ఆవిడ భుజం మీంచి తొంగి చూసింది.

"ఇత్తడెందుకండీ?"

"బరువు కోసం. కింద బరువుంటే పడదు."

"తంజావూరు బొమ్మలాగా?"

"ఆఁ."

"మరి ఆ నెత్తి మీద సామానెందుకు?"

ఆ రాత్రి క్యారియర్ విప్పేశాను.

మర్నాడు మా వీధి చివర టైర్ల షాపుకి వెళ్లాను. కారు చక్రాల బ్యాలెన్సింగుకి రిమ్ముకి అంటించే అయిదేసి గ్రాముల ముక్కలుంటాయి కదా, అవి. ఇనుపవీ ఉన్నాయి, సీసంవీ ఉన్నాయి. సీసం ఇత్తడి కన్నా బరువు. షాపతను నా చేతిలో బండిని చూసి, "గింత దానికి బ్యాలెన్సింగా సార్?" అని ఎనిమిది ముక్కలిచ్చి ఎనభై తీసుకున్నాడు. ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జారుతుంది కనక ముందు చక్రాల్లో మూడేసి, వెనకవాటిలో ఒక్కోటి, టైరు లోపల రిమ్ము చుట్టూ అంటించి పైన టేపు చుట్టాను. సీసం విషం, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. మొత్తం నలభై గ్రాములు. గేదెను నెత్తి మీంచి దించి, అంతకన్నా బలిసినదాన్ని చక్రాలకు కట్టానన్నమాట.

ఆదివారం బండి ఆ రాయెక్కింది. ఒక ముందు చక్రం తడుముకుంది, రెండోది పట్టుకుంది, వెనకవి తోశాయి. పైకెళ్లి నిలబడింది. తాళ్లు కట్టుకున్న కుర్రాడొకడు చప్పట్లు కూడా కొట్టాడు.

పద్దు పుస్తకంలో మొత్తం 3,510కి చేరింది. "చూశావా, బండి ఖరీదు కన్నా ఇంకా 90 తక్కువే" అన్నాను. "ఆ తొంభైకీ ఏదో ఒకటి దొరుకుతుందిలెండి" అంది.

వారం తరవాత అసలు కారుకి గాలి పట్టించడానికి వెళితే షాపతను గుర్తుపట్టాడు.

"ఎక్కిందా సార్?"

"ఎక్కింది!"

"ఎంత ఎత్తు?"

మోకాలు చూపించాను. అతని మొహం వాడిపోయింది. "గంతేనా?"

"అలా అనకు. ఇరవై అంగుళాలు. దాని లెక్కలో నలభై అడుగులు."

అతను గాలి గొట్టం పక్కన పెట్టి, కాసేపు మెచ్చుకోలుగా తలూపాడు.

"దాని లెక్కల నలభై అడుగులు. మరి మీ లెక్కల ఎంతయింది సార్?"