తొంభై గంటల శాస్త్రం, సిరోంచలో దాని అమలు

పనికీ విశ్రాంతికీ మధ్య తూకం కుదుర్చుకోవడం ఎవరికి వారు నేర్చుకోవలసిన విద్య అని ఇటీవల స్థిరపడిన సిద్ధాంతం. దీనిలో రెండు మతాలున్నాయి. ఒక మతం వారు తెల్లవారుజామున లేచి, రోజును గళ్లు గళ్లుగా గీసుకుని, ఒక గడిలో పని, ఒక గడిలో ధ్యానం, మరో గడిలో కుటుంబం నింపుకోమంటారు. రెండో మతం వారికి తూకం అన్న మాటే సోమరితనంగా వినిపిస్తుంది. యువత వారానికి 70 గంటలు పనిచేయాలని 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి సెలవిచ్చారు. 2025 జనవరిలో వెలుగుచూసిన ప్రసంగంలో ఎల్ అండ్ టీ అధిపతి ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ దాన్ని 90కి పెంచి, ఆదివారం ఇంట్లో ఉండి భార్య ముఖం ఎంతసేపు చూస్తారని ఆరా తీశారు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మాత్రం వారానికి 48 గంటలతో సరిపెట్టుకుంది. పాతకాలపు చట్టం, ఆశయాలు తక్కువ.

ఈ రెండు మతాలకూ ఎంత పడకపోయినా ఒక్క విషయంలో పేచీ లేదు: మనిషి గంటలు మనిషి చేతిలోనే ఉంటాయని ఇద్దరూ నమ్ముతారు. ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొస అనుకూలమైన ప్రదేశం. కాళేశ్వరానికి ఎదురొడ్డున, ప్రాణహిత గోదావరిలో కలిసేచోట సిరోంచ ఉంది. రాష్ట్రం మహారాష్ట్ర, ఇంట్లో తెలుగు, తహసీలు కాగితం మరాఠీ, అడవి లోపలికి వెళ్తే మాడియా, గోండి.

ముందుగా పని. ఇక్కడ ఎండాకాలం అంటే తునికాకు. కోడి కూయకముందే ఇంటిల్లిపాదీ అడవిలో ఉంటారు. లేతదీ, చిల్లులు పడ్డదీ వదిలేసి చేతికి పట్టినంత ఆకు తెంపి, ఎండ ముదిరేలోగా మూట నెత్తిన పెట్టుకుని తిరిగొస్తారు. మధ్యాహ్నమంతా నీడన కూర్చుని ఆకు మీద ఆకు పేర్చి నారతో కట్టడం. ముసలమ్మ లెక్కపెడుతుంది, పిల్లలు అందిస్తారు. తెలంగాణ ఒడ్డున కట్టకు 50 ఆకులు, మహారాష్ట్ర ఒడ్డున 70. నది దాటితే వేళ్లు కూడా లెక్క మార్చుకోవాలి. పొద్దుగూకే వేళ కల్లంలో వరుసలు పేరిస్తే, ఆకు కొనే కల్లేదారు ఒప్పుకున్న కట్టలకే డబ్బు. ఏ అధిపతీ ఉపన్యసించకుండానే ఆ రోజుల్లో తొంభై గంటల ఆదర్శం దాదాపు నెరవేరిపోతుంది. ఆదివారం ఎవరి ముఖమూ చూసే తీరిక ఉండదు, ఆకు ముదిరిపోతుంది కనుక.

కొద్ది వారాల్లో ఆ పని అయిపోతుంది. తొంభై గంటల శాస్త్రానికి ఇక్కడే మొదటి చిక్కు. పనిచేయడానికి సిద్ధంగా ఉన్న చేతులకు పని ఇచ్చే వాడుండడు. మిగిలిన గంటల కోసం కూలీలు మిరపకాయలు ఏరడానికి తెలంగాణ వైపు వెళ్తారు. ఉపాధిని హామీగా ఇస్తూ మహారాష్ట్ర 1977లోనే చట్టం చేసింది. జనం మరీ ఎక్కువ విశ్రమిస్తున్నారని ఆ చట్టం చేసిన వారికి అప్పుడే తెలిసి ఉండాలి. నగరంలో డబ్బు కట్టి మరీ ఫోను లేని రెండు రోజులు కొనుక్కునే వారున్నారు. సిగ్నల్ అందని అడవి గూడేలకు ఆ భాగ్యం ఏడాది పొడవునా ఉచితం.

విశ్రాంతికి ఇక్కడ పాత ఏర్పాటు ఒకటి ఉంది. పండుం అనే పండుగ రోజుల్లో గూడెం గూడెమంతా పని ఆపుతుంది. పండుం చేయనిదే కొత్త కాయ నోట పెట్టరు. ఎప్పుడు ఆగాలో ఊరు నిర్ణయిస్తుంది. వ్యక్తిత్వ వికాస గ్రంథాలకు ఇది మింగుడుపడని సంగతి, ఇందులో అమ్ముకోవడానికి వ్యక్తి దొరకడు.

ఇక నది. మనుషులకు డ్యూటీ వేసేవారు నదిని మాత్రం ఎందుకు వదులుతారు? 1860లో సిరోంచ కేంద్రంగా ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. ఎండాకాలం అడుగంటే గోదావరి చేత ఓడలు మోయించాలని ఆ కాలపు ఇంజినీర్లు ఆనకట్టలు, కాలువలు తలపెట్టారు. ఇంచంపల్లి దగ్గరి రాళ్లు ఆ ఉత్సాహంలో పాలుపంచుకోలేదు. 1871లో పథకం మూలపడింది, 1874లో జిల్లా కూడా రద్దయి, సిరోంచ చాందా జిల్లాలో కలిసిపోయింది. 2019 జూన్ 21న రెండో ప్రయత్నం మొదలైంది. మేడిగడ్డ దగ్గర 85 గేట్ల బరాజ్ నుంచి గోదావరిని పంపులతో వెనక్కి, ఎత్తుకు నడిపించే కొలువు. బరాజ్ కట్టిన సంస్థల్లో ప్రధానమైనది ఎల్ అండ్ టీ.

వెనక్కి నిలిచిన నీరు సిరోంచ వైపు పొలాల మీదికి వచ్చింది. పరిహారం కోసం రైతులు 2022లో దీక్షలకు దిగారు. టెంటు కింద చాప మీద కూర్చున్న రైతు పనిలో ఉన్నాడా, విశ్రాంతిలో ఉన్నాడా? నీడ ఉంది, నీళ్ల కుండ ఉంది, పక్కన మాటామంతీకి మనుషులున్నారు. చూసేవారికి విశ్రాంతే. జిల్లా కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా బస్సులో వెళ్లి, ‘సాబ్ మీటింగులో ఉన్నారు’ అనిపించుకుని రాత్రికి అక్కడే పడుకునే మనిషిది ఏ గడి? ఎదురుచూపు అనే ఈ మూడో వర్గం సరిహద్దులో పనినీ తింటుంది, విశ్రాంతినీ తింటుంది. ఉపన్యాసాల్లో దాని ప్రస్తావన కనబడదు. అక్కడ ఎదురుచూసేది అవతలి వాళ్లు.

2023 అక్టోబరు 21న బరాజ్ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. వారం తిరక్కుండానే డెబ్బై గంటల ప్రబోధం వెలువడింది. ఈ రెంటికీ సంబంధం లేదు, పంచాంగం అలా కలిసొచ్చింది. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ కారణాలను ప్రణాళిక, డిజైన్, నాణ్యత, నిర్వహణల్లో చూపించింది. పనిగంటల కొరత ఆ జాబితాకెక్కలేదు. నీరు నిల్వ చేయవద్దని అది చెప్పడంతో గేట్లు ఎత్తి ఉంచారు. నిపుణుల సలహా మీద, ఎంతకాలమో అడగకుండా విశ్రాంతి మంజూరైంది ఈ తీరంలో ఆ బరాజ్‌కే.