పులికి సున్నం

జనగామలో ఎవరైనా "ట్యాంకు కడుతున్నా" అంటే వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "ఎన్ని లీటర్లది సారూ?" లెక్కల మాస్టారు కడుతున్నది మాత్రం రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు నడిపిన టైగర్ ట్యాంకుకు 35వ వంతు ప్లాస్టిక్ నమూనా. అడిగినవాళ్ల తప్పేం లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషువాళ్లు ఈ యంత్రాన్ని గుట్టుగా తయారు చేస్తూ, ఇవి నీళ్ల ట్యాంకులని చెప్పుకున్నారు. ఆ అబద్ధమే పేరైంది.

అసలు టైగర్ 57 టన్నులు. మాస్టారిది ఫిరంగి గొట్టంతో కలిపి జానెడుకు కాస్త ఎక్కువ. పరిశోధన బరువు మాత్రం 57 టన్నులే.

ఆ 35 లెక్క వెనక పెద్ద శాస్త్రమేమీ లేదు. 1960ల మొదట్లో జపాన్‌లో తమియా కంపెనీ మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు నమూనా చేస్తూ, లోపల బ్యాటరీలు పట్టే సైజు చూసుకుంది. తర్వాత కొలిస్తే సుమారు 35వ వంతని తేలింది. బ్యాటరీలు పెట్టిన ముహూర్తానికి మాస్టారు వెర్నియర్ కాలిపర్స్‌తో జాతకం రాస్తున్నారు.

ఇక రంగు. 1943 ఫిబ్రవరిలో జర్మన్ సైన్యం ముదురు బూడిద వదిలి ముదురు పసుపుకు మారింది. దాని మీద మచ్చలకు ఎర్ర గోధుమ, ఆకుపచ్చ రంగులు ముద్దగా డబ్బాల్లో వచ్చేవి. సిపాయిలు పెట్రోలుంటే పెట్రోలుతో, లేకుంటే నీళ్లతో పలచన చేసి పూసేవాళ్లు. ఫొటోలేమో నలుపు తెలుపు. పక్కింటి పులుసులో చింతపండు ఎంత పడిందో గోడ ఇవతలి నుంచి చెప్పాలన్నమాట. అయినా మాస్టారు మానుకోటకు రైలెక్కి, పెయింటు షాపులో నమూనా కాగితం చూపించారు.

"గోడకా సార్, గేటుకా?"

"పులికి."

పిల్లగాడు డబ్బా కింద పెట్టి ఓనర్‌ను పిలిచాడు.

మడ్‌గార్డులకు పలచని ఇత్తడి రేకు కోసం పెంబర్తి పోతే, ధ్వజస్తంభాలకు తొడుగులు కొట్టిన పెద్దమనిషి బొమ్మను తిప్పి తిప్పి చూసి, "ఇది ఏ దేవుని వాహనం సారూ?" అన్నాడు.

మాస్టారు మనసులో ఉన్నది 1944 మేలో తయారై నార్మండీకి పోయిన ట్యాంకు. దానికి జిమ్మెరిట్ పూత ఉండాలి. రంపపు పొట్టు కలిపిన ముద్దను ఒళ్లంతా పట్టించి, అలికిన గోడ మీద దువ్వెన లాగినట్టు గీతలు పెట్టేవాళ్లు. అయస్కాంత మందుపాతరలు అతుక్కోకుండా ఈ తాయెత్తు. శత్రువులు అలాంటివి పెద్దగా వాడనే లేదు! మాస్టారు పుట్టీతో, పాత దువ్వెన ముక్కతో వారం రోజులు గీశారు. తర్వాత 48 చక్రాలు అతికించి, తీరిగ్గా పుస్తకం తిరగేశారు. 1944 ఫిబ్రవరి నుంచి తయారైనవాటికి ఉక్కు చక్రాలు, అవీ 32. ఈ రబ్బరు చక్రాలు ఊడిరావు. పోనీ 1943 జూలై, కుర్‌స్క్ యుద్ధం అనుకుందామంటే అప్పటికి పూత లేదు.

చక్రాలు ముందుకు పోనివ్వవు, పూత వెనక్కి రానివ్వదు. మధ్యలో మిగిలింది 1943 చివరి చలికాలం, రష్యా మంచు. మంచులో కనబడకుండా ట్యాంకులకు సున్నం వేసినట్టు తెలుపు కొట్టేవాళ్లు. మాస్టారు మూడు నెలలు వెతికి పట్టిన పసుపు మీద తెలుపు కొట్టేశారు.

"గింత దానికి మానుకోట దాక ఎందుకు పోయిండ్రు?" అంది భార్య. "మన గోడకు కొట్టంగ మిగిలిన సున్నం సజ్జ మీదనే ఉండె గద."

ఆ ఆదివారం భూపాలపల్లి నుంచి బావమరిది వచ్చాడు. ఓపెన్‌కాస్ట్ గనిలో డోజర్ నడుపుతాడు. తెలుపూ పసుపూ పట్టించుకోలేదు గానీ, గొలుసుకు శ్రద్ధగా వేసిన తుప్పు దగ్గర ఆగాడు.

"బావా, నడిచే బండి గొలుసుకు నేల తగిలే కాడ తుప్పు ఉంటదా? అద్దం తీర్గ మెరుస్తది."

మాస్టారు లేచి గరుకు కాగితం తెచ్చారు. ఒక్కో వైపు 96 లింకులు. రెండో వైపు బావమరిది అందుకున్నాడు. భూపాలపల్లి ఆఖరి బస్సు పోయింది.